అమెరికా వచ్చిన కొత్తలో ఇంగ్లీషు పట్టుకోవడం, పదిమందికి పనికిరావడం ఎలా

2017లో న్యూజెర్సీలోని ఎడిసన్ అనే ఊరికి వచ్చేసరికి నాకు పదహారేళ్లు. నా చిన్నప్పుడెప్పుడో మమ్మల్ని అమెరికా రప్పించుకోవడానికి మేనత్త వేసిన పిటిషన్‌కి అన్నేళ్ల తర్వాత వంతు వచ్చి, అమ్మా నాన్నా నేనూ గ్రీన్‌కార్డు మీద దిగాం. ఒంగోలు దగ్గర జడ్పీ స్కూల్లో తెలుగు మీడియంలో పది పాసైనదాన్ని, యాక్టివ్ వాయిస్‌ని పాసివ్ వాయిస్‌లోకి మార్చమంటే టకటకా మార్చేసేదాన్ని, కానీ బస్సులో పక్కనున్న అమ్మాయి ఏదైనా అడిగితే నోరు పెగిలేది కాదు. ఇప్పుడు మా ఊరి వైపు నుంచి కొత్తగా వచ్చిన పిల్లలు "అక్కా, నువ్వెలా నేర్చుకున్నావు" అని అడుగుతుంటారు. ఒక్కొక్కరికి ఒక్కో ముక్క చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నా. నాకు బాగా తెలిసింది న్యూజెర్సీ, మీ రాష్ట్రంలో కొన్ని సంగతులు వేరుగా ఉండొచ్చు.

ముందు ఒక్క మాట. ఇంగ్లీషు బాగా వచ్చాక ఎవరికైనా సాయం చేద్దాంలే అని ఆగకండి. నాకు ఇంగ్లీషు వచ్చిందే సాయం చేయబోయి.

బడి వయసుంటే బడికే వెళ్లండి. "పది అయిపోయింది కదా, పదిహేడొచ్చాయి, ఏదైనా స్టోర్‌లో పెట్టేయండి" అనే చుట్టాలు ప్రతి ఇంటికీ ఉంటారు. న్యూజెర్సీలో ఇరవై ఏళ్ల వరకు పబ్లిక్ స్కూల్లో ఉచితంగా చదువుకోవచ్చు. పిల్లల ఇమ్మిగ్రేషన్ కాగితాలు సరిగా లేవని పబ్లిక్ స్కూలు వెనక్కి పంపడానికి లేదు, 1982లోనే ప్లైలర్ వర్సెస్ డో కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. చేర్చుకునేటప్పుడు ఇంట్లో ఏ భాష మాట్లాడతారని ఒక ఫారం ఇస్తారు. పిల్లని తక్కువగా చూస్తారేమోనన్న భయంతో కొందరు అమ్మానాన్నలు ఇంగ్లీషు అని రాసేస్తారు. అలా చేయొద్దు, తెలుగు అనే రాయండి. అప్పుడే పరీక్ష పెడతారు (ఇక్కడ విడా అంటారు, వినడం, మాట్లాడటం, చదవడం, రాయడం నాలుగూ చూసి 1 నుంచి 6 వరకు లెవెల్ ఇస్తారు), దాన్నిబట్టి ఈఎస్ఎల్ క్లాసు, అంటే ఇంగ్లీషు ఇంటి భాష కానివాళ్లకి ఇంగ్లీషు నేర్పే క్లాసు, వస్తుంది. ఆ క్లాసులో కూర్చోవడం చిన్నతనమేమీ కాదు. 1974లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని చైనీస్ పిల్లల తరఫున లౌ వర్సెస్ నికల్స్ అనే కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లి గెలిచింది కాబట్టే, అర్థంకాని భాషలో పాఠం చెప్పేసి చేతులు దులుపుకోవడం ఇవాళ స్కూళ్లకి కుదరదు. ఎవరో పిల్లలు మనకోసం ముందే కొట్లాడి తెచ్చింది అది, వాడుకోండి.

నాకు చదవడంలో మంచి లెవెలే వచ్చింది, మాట్లాడటంలో అట్టడుగు. మన తెలుగు మీడియం వాళ్లలో చాలామందిది ఇదే కథ. అందుకే గ్రామర్ పుస్తకాలు పక్కన పెట్టి నోటికీ చెవికీ పని చెప్పండి.

నోటి సంగతి. తెలుగు మాట ఎక్కువగా అచ్చుతో ఆగుతుంది, అందుకే బస్సు, పెన్ను, రోడ్డు అంటాం. ఇంగ్లీషు మాట్లాడేటప్పుడు కూడా ఆ చివరి ఉకారం తోసుకొచ్చేస్తుంది. హల్లు దగ్గరే టక్కున ఆగడం అలవాటు చేసుకోవాలి. రెండోది, చొక్కా మీద వేసుకునే వెస్టుకీ పడమర దిక్కు వెస్టుకీ మనకి ఒకటే 'వ'. చొక్కాది పలికేటప్పుడు పై పళ్లు కింది పెదవికి తగలాలి, దిక్కు పలికేటప్పుడు పెదాలు సున్నాలా ముందుకు రావాలి, పళ్లు తగలకూడదు. అద్దం ముందు రోజుకి ఐదు నిమిషాలు చేస్తే నెలలో తేడా తెలుస్తుంది. అన్నిటికన్నా పెద్దది నొక్కి పలకడం. మనం అక్షరాలన్నీ దాదాపు సమానంగా పలుకుతాం, వాళ్లు ఒక్కచోట నొక్కి మిగతావి మింగేస్తారు. 'డెవలప్'లో మొదటి అక్షరం నొక్కితే ఎదుటివాళ్లకి మాటే అందదు, 'వె' దగ్గర నొక్కాలి. కొత్త మాట నేర్చుకున్నప్పుడు అర్థంతో పాటు ఎక్కడ నొక్కాలో కూడా గీత గీసి పెట్టుకోండి.

మర్యాద సంగతి ఇంకా ముఖ్యం, దీన్ని క్లాసులో ఎవరూ విడమరిచి చెప్పరు. మన మర్యాదంతా క్రియ చివర 'అండి'లో ఉంటుంది. "కాస్త నీళ్లివ్వండి" అంటే ఎంత మెత్తగా ఉంటుందో, దాన్నే "గివ్ మీ వాటర్" అంటే అంత కటువుగా వినిపిస్తుంది. ఇంగ్లీషులో చివర తగిలించడానికి 'అండి' లేదు కాబట్టి మర్యాదని వాక్యం మొదట్లోనే పెట్టాలి. "కెన్ ఐ గెట్", "కుడ్ యు", "వుడ్ యు మైండ్" అనే మూడు మొదళ్లు నోటికి పట్టించుకుంటే సగం పనులు అయిపోతాయి. అలాగే "ఐ హావ్ ఎ డౌట్" అనకండి, టీచర్ చెప్పింది నమ్మడం లేదన్నట్టు ఉంటుంది, "క్వశ్చన్" అనండి. "పాస్డ్ అవుట్ ఇన్ 2017" అంటే ఇక్కడ స్పృహ తప్పి పడిపోవడం. రబ్బర్ అంటే కండోమ్, పెన్సిల్ రాత చెరిపేది ఎరేజర్. తేదీలో నెల ముందు వస్తుంది, ఫారాల్లో జాగ్రత్త.

చెవికి లైబ్రరీ చాలు. అడ్రస్ ప్రూఫ్ చూపిస్తే మీ ఊరి లైబ్రరీ కార్డు ఉచితంగా ఇస్తుంది, చాలా లైబ్రరీల్లో ఆ కార్డుతో లిబ్బీ యాప్‌లో ఆడియో పుస్తకాలు వస్తాయి. చిన్నపిల్లల పుస్తకం చేతిలో పెట్టుకుని అదే పుస్తకం వింటూ వేలితో చదవండి. సిగ్గుపడాల్సిన పని లేదు, నేను ఆరు నెలలు అదే చేశాను. చాలా లైబ్రరీల్లో వారానికోసారి కాన్వర్సేషన్ గ్రూప్ కూడా ఉంటుంది, దానికి కూడా డబ్బు కట్టక్కర్లేదు.

ఇక నన్ను నిజంగా మార్చింది శనివారాలు. మా ఈఎస్ఎల్ టీచర్ చెబితే ఒక చర్చి బేస్‌మెంట్‌లో నడిచే ఫుడ్ పాంట్రీకి (అవసరమున్నవాళ్లకి తిండి సరుకులు ఉచితంగా ఇచ్చే చోటు) వెళ్లాను. మొదటి వారాలు మాట్లాడే పనే లేదు, డబ్బాల మీద తేదీలు చూసి పాతవి పక్కన పెట్టడమే. తర్వాత బీన్స్ టేబుల్ ఇచ్చారు. అక్కడ నేను చెప్పాల్సింది ఒకటే వాక్యం, "వుడ్ యు లైక్ బ్లాక్ బీన్స్ ఆర్ కిడ్నీ బీన్స్?" పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా అదే వాక్యం అరవై, డెబ్బై మందితో. మొదటి పదిమందికి గొంతు వణికింది. ఒక పెద్దాయన "ఐయామ్ గుడ్" అంటే గుడ్ అన్నాడు కదా, కావాలేమో అని రెండు డబ్బాలు సంచిలో వేశాను, ఆయన మెల్లగా తీసి టేబుల్ మీద పెట్టి "నో హనీ, ఐయామ్ గుడ్" అన్నాడు. అప్పుడు తెలిసింది, ఆ మాటకి 'వద్దులెండి' అని అర్థమని. ఏ పుస్తకంలోనూ నాకది కనబడలేదు. మధ్యాహ్నానికి గొంతు వణకడం ఆగింది. వాక్యం ఒకటే, జవాబులు మాత్రం డెబ్బై రకాలు, అంతకన్నా మంచి క్లాసు నాకింకెక్కడా దొరకలేదు. మీరు ఎక్కడ చేరినా ఇలా ఒకే వాక్యం మళ్లీ మళ్లీ చెప్పే చోటు అడిగి తీసుకోండి: లైబ్రరీలో పుస్తకాలు తిరిగి తీసుకునే కౌంటర్, స్కూల్ ఫంక్షన్‌లో టికెట్ల టేబుల్, ఏదైనా సరే.

కొన్నాళ్లకి ఒక తెలుగు జంట వచ్చి గుమ్మం దగ్గరే నిలబడిపోయారు. "లోపలికి రండి ఆంటీ" అనగానే ఆవిడ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. లైను ఎక్కడ మొదలవుతుంది, ఎన్ని సంచులు తీసుకోవచ్చు అని తెలుగులో ఒక కాగితం రాసి గోడకి అంటించాను. అప్పటికి నా ఇంగ్లీషు ఇంకా అంతంతమాత్రమే, కానీ ఆ కాగితం రాయడానికి అది సరిపోయింది.

చేరడానికి పెద్ద తతంగం ఉండదు. కౌంటర్ దగ్గరికి వెళ్లి "డు యు నీడ్ వాలంటీర్స్?" అని అడగండి. పద్దెనిమిది నిండకపోతే అమ్మానాన్నల సంతకం అడుగుతారు, ఆసుపత్రుల్లో అయితే టీకాల కాగితాలు, టీబీ టెస్టు కూడా ఉండొచ్చు. గంటలు రాయించుకుని సంతకం పెట్టించుకోండి, కాలేజీ అప్లికేషన్‌లో పనికొస్తాయి. ఒక్క జాగ్రత్త: ఎవరి షాపులోనో జీతం లేకుండా పనిచేయడం వాలంటీరింగ్ కాదు, లాభం కోసం నడిచే వ్యాపారంలో అలా చేయించుకోవడం తప్పు. హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల భార్యాభర్తలకి, పిల్లలకి ఇచ్చే వీసా) మీద ఉన్న పిల్లలైతే ఇంకా జాగ్రత్తగా ఉండండి. లైబ్రరీ, ఫుడ్ పాంట్రీ లాంటి చోట్ల ఏమీ పుచ్చుకోకుండా చేసే సేవ వరకే ఉండండి.

ఇంగ్లీషు కాస్త రాగానే ఇంట్లో, అపార్ట్‌మెంట్‌లో మీరే అందరికీ దుబాసీ అయిపోతారు. ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి. అమ్మని క్లినిక్‌కి తీసుకెళ్లినప్పుడు ఆవిడ "కళ్లు తిరుగుతున్నాయి" అంది. నేను "హర్ ఐస్ ఆర్ రొటేటింగ్" అన్నాను. నర్సు టార్చి వేసి కళ్లు చూసి, ఫిట్స్ వస్తాయా అని అడగడం మొదలుపెట్టింది. పది నిమిషాలు అలా గడిచాక డాక్టర్ ఫోన్ స్పీకర్‌లో పెట్టి ఒక తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని పిలిచింది. "నమస్తే అండి, పడుకున్నా తిరుగుతున్నాయా, లేచి నిలబడితేనా?" అని అవతలి నుంచి ఒక ఆడగొంతు. అమ్మ భుజాలు దిగాయి. మూడు నెలలుగా నెలసరిలో రక్తం ఎక్కువ పోతోందని ఆవిడతో చెప్పింది, నాతో ఒక్కసారి కూడా అనలేదు. పరీక్ష చేస్తే రక్తం బాగా తక్కువగా ఉందని తేలింది.

అందుకే డాక్టర్, పోలీసు, కోర్టు, ఇమ్మిగ్రేషన్ దగ్గర మీరు మధ్యలో ఉండకండి. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే ఇంటర్‌ప్రెటర్ కావాలని చెప్పండి. మెడికేర్, మెడికెయిడ్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమాల డబ్బు తీసుకునే ఆసుపత్రులు ఉచితంగా ఏర్పాటు చేయాలి. 'తెలుగు' అనగానే ఫిలిప్పీన్స్ వాళ్ల 'తగాలోగ్' అనుకునే వాళ్లుంటారు, కాబట్టి టి, ఇ, ఎల్, యు, జి, యు అని స్పెల్లింగ్ చెప్పండి. హిందీ చాలా అని అడిగితే, ఇంట్లోవాళ్లకి రాకపోతే చాలదనే చెప్పండి. మీరు సాయపడాల్సిన చోట్లు వేరే ఉన్నాయి: షాపులో వస్తువు వెనక్కివ్వడం, స్కూల్ నుంచి వచ్చిన ఉత్తరం, బస్సు పాసు. అక్కడ కూడా వాళ్లు అన్నది అన్నట్టు చెప్పండి, సొంతంగా కలపకండి, విన్నది బయట చెప్పకండి.

ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. కళ్లు తిరగడం డిజ్జీ, గుండె దడ పాల్పిటేషన్స్, పడిశం కోల్డ్. "వేడి చేసింది"కి మాత్రం ఇంగ్లీషు మాట వెతకొద్దు, ఏమైందో వాళ్లనే అడగండి, మూత్రంలో మంటా, నోటిపూతా, విరేచనాలా అని, అది రాసుకోండి.

ఇప్పుడు నేను ఆదివారాలు సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూకి వెళ్లే పెద్దవాళ్లతో కూర్చుంటున్నా. యాభై దాటి గ్రీన్‌కార్డు మీద ఇరవై ఏళ్లు ఉన్నవాళ్లకి, యాభై అయిదు దాటి పదిహేనేళ్లు ఉన్నవాళ్లకి ఇంగ్లీషు పరీక్ష ఉండదు, చరిత్ర, ప్రభుత్వం ప్రశ్నలు తెలుగులోనే అడుగుతారు, ఇది చాలామందికి తెలియదు. మిగతావాళ్లు మూడు వాక్యాల్లో ఒకటి చదవాలి, ఒకటి రాయాలి. 2025 అక్టోబర్ 20 నుంచి అప్లై చేసినవాళ్లకి 128 ప్రశ్నల్లోంచి 20 దాకా అడుగుతారు, 12 సరిగ్గా చెప్పాలి. అప్లికేషన్ నింపడం, ఏం రాయాలో సలహా ఇవ్వడం మన పని కాదు, దానికి లాయర్లు ఉన్నారు. చదివించడం మన పని.

మా బిల్డింగ్‌లో పిన్ని ఒకావిడ ఉంది, అరవై ఎనిమిదేళ్లు. ప్రశ్నలన్నీ కంఠతా పట్టేసింది కానీ, అప్లికేషన్‌లో రాసిన సంగతుల మీద ఇంటర్వ్యూలో అడిగే "హావ్ యు ఎవర్" (ఎప్పుడైనా చేశారా) ప్రశ్నల దగ్గర బెదిరిపోయేది, వినగానే అన్నిటికీ "నో" అనేసేది. అన్నిటికీ ఒకే జవాబు కుదరదు, విని చెప్పాలి. అందుకే 'ఎప్పుడైనా' అన్న ఒక్క మాట పట్టుకుని ఇంటి సంగతులతో మొదలుపెట్టాం. హావ్ యు ఎవర్ మేడ్ గోంగూర పచ్చడి? "ఎస్." హావ్ యు ఎవర్ డ్రివెన్ ఎ ట్రక్? "నో, నెవర్." హావ్ యు ఎవర్ బీన్ టు తిరుపతి? ఈసారి ఎస్‌తో ఆగలేదు. ఎన్నిసార్లు వెళ్లిందో, ఎవరితో వెళ్లిందో, ఆ ఏడు ఎంత వాన పడిందో ఇంగ్లీషులోనే తడుముకుంటూ చెప్పుకుపోయింది. నేను మధ్యలో ఒక్క మాట కూడా అందివ్వలేదు.