షెంగెన్ వీసా ఫైలు ఇచ్చే ముందు

వేసవికి యూరప్ అనుకుంటున్నవాళ్లు ఇవి చూసుకోండి. షెంగెన్ అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల సమూహం.

– దరఖాస్తు ముందు అకౌంట్‌లో ఒకేసారి లక్షలు వేయించకండి. ఆ డబ్బు ఎక్కడిదో చూపించే కాగితం లేకపోతే అనుమానం వస్తుంది. వీసా రాకపోయినా 90 యూరోల ఫీజు వెనక్కి ఇవ్వరు. బావమరిది దగ్గర తెచ్చి చూపిద్దామనే ఆలోచన మానుకోవడమే మంచిది.

– ఎక్కువ రాత్రులు గడిపే దేశానికే దరఖాస్తు. అపాయింట్‌మెంట్ తొందరగా దొరికిందని వేరే దేశానికి పెడితే హోటల్ బుకింగులే పట్టిస్తాయి.

– పాస్‌పోర్ట్ జారీ అయి 10 ఏళ్లు దాటకూడదు. షెంగెన్ నుంచి బయటికొచ్చాక ఇంకో 3 నెలలు గడువుండాలి.

– ట్రావెల్ మెడికల్ ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకు.

– పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, బ్యాంకులో పొడి అక్షరమే ఉందా? ముందే సరిచేయించండి.

– ఫైలు ఇవ్వడానికి చివరి గడువు ప్రయాణానికి 15 రోజుల ముందు. 6 నెలల ముందు నుంచే ఇవ్వొచ్చు, చివరిదాకా టెన్షన్ ఎందుకు!