కళ్లారా చూసిన దానిలో కంటి వాటా ఎంత? తేల్చుకునే పద్ధతి

"కళ్లారా చూశాను" అన్నాక ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదని మనం నమ్ముతాం. అయితే ఆ చూపులో కంటికి అందినది కొంతే ఉంటుంది. పాత అనుభవం నుంచి మనసు తెచ్చి చేర్చినది మరికొంత ఉంటుంది, ఆ రెండూ క్షణంలో కలిసిపోతాయి కాబట్టి వాటి మధ్య హద్దు మనకు తెలియదు. ప్రాచీన భారతీయ తర్కశాస్త్రమైన న్యాయ దర్శనానికి చెందిన పండితులు ఈ సంగతిని గమనించి, "ఇది ఫలానా" అన్న నిశ్చయానికి ముందుండే నిర్వికల్పక ప్రత్యక్షాన్నీ, పేరు, జాతి, గుణాలతో తెలిసే సవికల్పక ప్రత్యక్షాన్నీ వేరు చేశారు. ఆ భేదాన్ని చదివి ఊరుకోవడం కంటే స్వయంగా పరీక్షించుకోవడమే మేలని నా అభిప్రాయం.

ఒక నోటుపుస్తకంలో పేజీని నిలువుగా రెండు భాగాలు చేయండి. ఎడమ వైపు ఇంద్రియాలకు తెలిసినది మాత్రమే రాయాలి, కుడి వైపు దాని నుంచి మీరు తేల్చుకున్నది రాయాలి. మొదట్లో ఎడమ వైపు నింపడమే కష్టం, ఎందుకంటే "కోపంగా ఉన్నాడు" వంటి తీర్పులే కళ్లకు కనబడినవాటిలా కలం కొసకు వచ్చేస్తాయి.

గుంటూరులో ఉన్నవారు మిరపకాయలతో మొదలుపెట్టడం మంచిది. తేజ రకం ఎండు కాయలు గుప్పెడు, బ్యాడిగి రకం గుప్పెడు తెచ్చి పక్కపక్కన పోయండి. ముదురు ఎరుపు చూసి బ్యాడిగే ఘాటైనదని కొత్తవారు కుడి వైపు రాస్తారు. నిజానికి ఘాటులో తేజకు అది చాలా దూరం. ఎరుపు క్యాప్సాంథిన్ వంటి వర్ణకాల వల్ల, ఘాటు క్యాప్సైసిన్ వల్ల వస్తాయి గనుక రంగును బట్టి ఘాటును కొలవలేం. మిర్చి యార్డులో ఆరితేరిన వ్యాపారి కంట్లో పడేదీ మన కంట్లో పడే వెలుతురే, కానీ కాయలను గుప్పిట పట్టి గింజల గలగల విని, ఒకటి విరిచి చూసి, తాలు కాయలను పక్కకు తీసే ఆయన చేతికి ఏళ్ల తరబడి సంపాదించిన ఎరుక తోడుంటుంది. ఇప్పుడు తేజ కాయను చీల్చి, కొసన ఉన్న తొక్కనూ, గింజలు అంటుకొని ఉండే లేత రంగు పొరనూ విడివిడిగా నాలుకకు తాకించండి. ఘాటు ప్రధానంగా ఆ పొరలోనే ఉంటుంది. ఎడమ వైపు "వేడి" అని రాయబోతే మాత్రం ఒక్క క్షణం ఆగాలి, ఎందుకంటే కాయలో వేడి లేదు; సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడికి స్పందించే గ్రాహకాన్నే క్యాప్సైసిన్ కూడా ప్రేరేపిస్తుంది. ఆ గ్రాహకాన్ని 1997లో గుర్తించిన బృందానికి నాయకుడైన డేవిడ్ జూలియస్‌కు 2021లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. (పరీక్ష ముగిశాక చేతులు సబ్బుతో కడుక్కోనిదే కళ్లు తాకవద్దు.)

విజయవాడవారికి ప్రకాశం బ్యారేజీ ఉంది. గేట్లు ఎత్తిన రోజుల్లో, దిగువన అనుమతి ఉన్న సురక్షితమైన చోట నిలబడి, కిందికి దూకే నీటిలో ఒకే చోట నిమిషం పాటు చూపు నిలిపి, వెంటనే గేట్ల మధ్యనున్న కాంక్రీటు స్తంభాన్ని చూడండి. స్తంభం పైకి పాకుతున్నట్టు కనిపిస్తుంది, అయినా ఉన్న చోటు నుంచి కదలదు. స్కాట్లాండ్‌లోని ఫాయర్స్ జలపాతం దగ్గర ఇదే అనుభవాన్ని రాబర్ట్ ఆడమ్స్ 1834లో వర్ణించాడు. కిందికి పోయే కదలికను పట్టే నాడీకణాల స్పందన తగ్గి, పైకి పోయే కదలికను పట్టేవాటిది పైచేయి కావడమే దీనికి కారణం. ఇక్కడ నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరిచేది ఏమిటంటే, కారణం పూర్తిగా తెలిసినా ఆ పాకడం ఆగదు. తెలివి చూపును మార్చలేదు, దాన్ని ఎంతవరకు నమ్మాలో మాత్రం చెప్పగలదు.

ఇంట్లో చేసే పరీక్ష ఇంకా సులువు. ఒక చేతిని చల్లని నీటిలో, మరో చేతిని గోరువెచ్చని నీటిలో కాసేపు ఉంచి, రెండింటినీ మామూలు నీటిలో పెడితే ఒకే నీరు ఒక చేతికి వెచ్చగా, మరో చేతికి చల్లగా తోస్తుంది. అంట్లు తోమిన చల్లని చేత్తో బిడ్డ నుదురు తాకి జ్వరం తేల్చకుండా థర్మామీటరు పెట్టాలనడం ఇందుకే.

ఈ అలవాటు బాగా అక్కరకొచ్చేది సాక్ష్యం చెప్పాల్సి వచ్చినప్పుడు. 1974లో మనస్తత్వ పరిశోధకులు ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ ఒకే ప్రమాద దృశ్యాలను చూపి, కార్లు "తగిలినప్పుడు" వేగమెంత అని కొందరిని, "ఢీకొని నుజ్జయినప్పుడు" వేగమెంత అని మరికొందరిని అడిగితే, రెండో మాట విన్నవారు ఎక్కువ వేగం చెప్పారు. కాబట్టి విజయవాడ బెంజ్ సర్కిల్ కూడలి దగ్గర ప్రమాదం మీ కంటబడితే, చుట్టూ చేరినవారి మాటలు చెవిన పడకముందే ఎడమ వైపు భాగాన్ని రాసి, సమయం వేసి, ఆ తర్వాతే ఇతరులు చెప్పినది వినండి. విన్నదాన్ని వేరే పేజీలో, ఎవరు చెప్పారో కలిపి రాయండి.