తోటల యజమానుల కుటుంబ ఉత్తరాలను చదివే పద్ధతి: ఎలైజా లూకస్ పింక్నీ నకలు పుస్తకంతో మొదలుపెట్టి

అమెరికా ఇంకా బ్రిటిష్ వలసగా ఉన్న రోజుల్లో దక్షిణ ప్రాంతపు పెద్ద పెద్ద తోటల యజమానులు రాసుకున్న ఉత్తరాలు ఎన్నో భద్రంగా మిగిలాయి. వాటిలో చాలావరకు అచ్చులోనూ, ఆన్‌లైన్‌లోనూ దొరుకుతున్నాయి. చదవాలనే ఆసక్తి ఉన్నవారు నాలుగైదు కుటుంబాల కాగితాలను ఒకేసారి ముందేసుకుని తికమకపడడం కంటే, ఒకే కుటుంబాన్నీ, ఒకే మనిషి రాతనూ, కొద్దిపాటి కాలాన్నీ ఎంచుకోవడం మంచిది. నేనైతే దక్షిణ కారొలైనాకు చెందిన ఎలైజా లూకస్ పింక్నీ ఉత్తరాలతో మొదలుపెట్టమంటాను. 1722లో కరీబియన్ దీవి ఆంటిగ్వాలో పుట్టిన ఈమె 1738లో కుటుంబంతో చార్లెస్‌టన్ సమీపంలోని వాపూ తోటకు చేరింది. సైనికాధికారి అయిన తండ్రి మరుసటి ఏడాదే ఆంటిగ్వాకు తిరిగి వెళ్లవలసి రావడంతో మూడు తోటల అజమాయిషీ ఇరవయ్యేళ్లు కూడా నిండని ఆ అమ్మాయి మీద పడింది.

చేతికొచ్చిన కాగితం ఏ జాతిదో ముందుగా తేల్చుకోవాలి. ఎలైజా ఉత్తరాలలో అధిక భాగం 1739 నుంచి 1762 వరకు ఆమె ఉంచుకున్న నకలు పుస్తకంలో ఉన్నాయి. అంటే అవి పంపిన అసలు ఉత్తరాలు కావు. పంపే ముందో, పంపాకో తన దగ్గర ఉండాలని రాసిపెట్టుకున్న ప్రతులు. కొన్నిచోట్ల ఉత్తరం మొత్తం ఉంటుంది. కొన్నిచోట్ల "నాన్నగారికి తోటల వ్యవహారాల గురించి చాలా పెద్ద ఉత్తరం రాశాను" అన్న ధోరణిలో రెండు మూడు వాక్యాల సారాంశమే ఉంటుంది. సారాంశాన్ని ఉత్తరంగా పొరబడితే, ఆమె ముక్తసరిగా మాట్లాడే మనిషని లేనిపోని అభిప్రాయం ఏర్పడుతుంది. అవతలివారి జవాబులు నకలు పుస్తకంలో ఉండవు కాబట్టి, మీరు వింటున్నది సగం సంభాషణేనని గుర్తుంచుకోవాలి.

తేదీల దగ్గర తొందర పనికిరాదు. ఇంగ్లండులోనూ, దాని వలసలలోనూ 1751 వరకు కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. అందువల్ల 1741 ఫిబ్రవరి అని ఉన్న ఉత్తరం మన లెక్కకు 1742 ఫిబ్రవరిది కావచ్చు. జాగ్రత్తపరులు గీత గీసి రెండు సంవత్సరాలూ వేసేవారు. 1752లో పంచాంగం మార్చినప్పుడు సెప్టెంబరు 2 తరువాత ఏకంగా 14 వచ్చింది. ఒక జనవరి ఉత్తరం ముందటి డిసెంబరు ఉత్తరానికి ఏడాది వెనక జరిగినట్లు కనిపిస్తే తప్పు రచయిత్రిది కాదు, మన వరుసది.

చేతిరాత చూసి బెదరనవసరం లేదు. 'ఎఫ్' లాగా కనిపించే పొడవాటి 'ఎస్', మాట చివరి అక్షరాలను పైకెత్తి చిన్నగా రాసే పొట్టిరూపాలు, 'వై' పక్కన 'ఈ' వేసి రాసినా 'ది' అనే చదవవలసిన మాట, ఈ మూడూ అలవాటైతే సగం పని అయినట్లే. అక్షరదోషాలను దిద్దకుండా ఉన్నది ఉన్నట్లు ఎత్తి రాసుకుని, అనుమానమున్న మాటను కుండలీకరణంలో పెట్టండి. డబ్బు లెక్క కనిపించినప్పుడు అది బ్రిటిష్ స్టెర్లింగా, దక్షిణ కారొలైనా సొంత కరెన్సీయా అని చూడాలి, ఎందుకంటే ఆ కాలంలో ఒక స్టెర్లింగ్ పౌండుకు సుమారు ఏడు స్థానిక పౌండ్లు వచ్చేవి.

ఉత్తరం ఏనాటిది అన్నదే కాక, అందులోని సంగతి ఏనాటిది అన్నదీ చూడాలి. తండ్రి మోంట్సెరాట్ దీవి నుంచి పంపిన క్రామ్‌వెల్ అనే నీలిమందు పనివాడు సున్నపు నీరు మితిమీరి పోసి రంగు చెడగొట్టాడనీ, తన దీవి వ్యాపారం దెబ్బతింటుందని భయపడ్డాడనీ చెప్పే కథ చాలా ప్రసిద్ధం. అయితే ఆ కథ ఎలైజా తన కొడుకుకు 1785లో రాసిన ఉత్తరంలోది. జరిగిన నలభై ఏళ్లకు, నీలిమందు సాగులో విజయం సాధించిన తల్లి చెప్పిన మాట అది. దాన్ని కొట్టిపారేయనక్కరలేదు గాని, 1740ల నాటి ఉత్తరాలతో సమానంగా తూచకూడదు.

ఇక అన్నిటికంటే ఎక్కువ ఓపిక పెట్టవలసిన చోటు, ఉత్తరంలో పని చేసేవారు ఎవరన్న ప్రశ్న. ఇంగ్లీషు ఇక్కడ మనల్ని సులువుగా మోసం చేస్తుంది; తెలుగు ఆదుకుంటుంది. 1742లో ఒక స్నేహితురాలికి రాసిన ఉత్తరంలో ఎలైజా, పండ్లు ఎండబెట్టి ఎగుమతి చేసే ఉద్దేశంతో పెద్ద అత్తి తోట వేసిన సంగతి చెబుతుంది. దీన్ని తెలుగు చేయడానికి కూర్చోండి. "వేశాను" అని రాస్తారా, "వేయించాను" అని రాస్తారా? ఆమె ఇంగ్లీషులో ఆ తేడా కనబడదు. తెలుగులో ఏదో ఒకటి తేల్చక తప్పదు. గోతులు తవ్వినవారూ, మొక్కలు నాటినవారూ బానిసలు. ఇలా ప్రతి క్రియాపదాన్నీ "చేసిందా, చేయించిందా" అని అడుగుతూ పది ఉత్తరాలు చదివితే, కాగితం మీద పేరు కూడా లేని మనుషులు పేజీ నిండా కనిపిస్తారు. "సర్వెంట్స్", "పీపుల్", "హ్యాండ్స్" అన్న మాటలు ఈ ఉత్తరాలలో తరచుగా బానిసలనే సూచిస్తాయి. "ఫ్యామిలీ" అన్న మాట కూడా ఒక్కోసారి రక్తసంబంధీకులను దాటి ఇంటిల్లిపాదికీ వర్తిస్తుంది.

ఆపైన ఉత్తరాలను బయటి కాగితాలతో కలిపి చదవాలి. 1739 సెప్టెంబరులో చార్లెస్‌టన్‌కు నైరుతి దిక్కున స్టోనో వద్ద బానిసలు తిరుగుబాటు చేశారు. మరుసటి ఏడాది వలస ప్రభుత్వం చేసిన చట్టం బానిసలకు రాత నేర్పినవారికి నూరు పౌండ్ల జరిమానా విధించింది. ఆ తరువాతి ఉత్తరాలలో ఎలైజా నల్లజాతి పిల్లలకు చదవడం నేర్పుతున్నానని చెబుతుంది. చట్టం నిషేధించింది రాతను. ఆమె నేర్పుతున్నానన్నది చదవడాన్ని. చట్టం పక్కన పెట్టుకోకపోతే ఈ తేడా మన కంటబడదు. 1732 నుంచి వెలువడిన సౌత్ కారొలైనా గెజిట్‌లోని పారిపోయిన బానిసల ప్రకటనలను, యజమాని చనిపోయినప్పుడు మనుషులను పేరుతోనూ వెలతోనూ చేర్చి తయారుచేసిన ఆస్తి జాబితాలను కూడా పక్కనే ఉంచుకోవాలి. ఉత్తరం దాటవేసిన పేరు అక్కడ దొరికే అవకాశముంది.

బానిసలు స్వయంగా రాసిన ఉత్తరాలు అరుదు, అయినా ఉన్నాయి. వర్జీనియాలోని పాప్లర్ ఫారెస్ట్ తోటలో ఉన్న హన్నా అనే స్త్రీ 1818 నవంబరు 15న తన యజమాని, అమెరికా మాజీ అధ్యక్షుడు థామస్ జెఫర్సన్‌కు ఉత్తరం రాసింది. ఇల్లూ సామానూ క్షేమంగా ఉన్నాయన్న మాటతో మొదలుపెట్టి, ఆయన అనారోగ్యం వల్ల రాలేకపోతున్నారని విని బాధపడ్డానంటూ, దైవభక్తి గురించి హితవు చెబుతుంది. ఇలాంటి ఉత్తరాన్ని మనసులో కాక పైకి చదవండి. చెవికి విన్నట్లుగా రాసిన మాటలు పలికితేనే తెలుస్తాయి. యజమాని సామాను క్షేమవార్త ముందుగా ఎందుకు వచ్చిందో, ఆ తరువాత స్వరం ఎక్కడ మారిందో మీ నోటుపుస్తకంలో వాక్యం వాక్యానికీ గుర్తు పెట్టుకుని, ఆమె యజమాని కుటుంబం రాసుకున్న ఉత్తరాలను ఆ గుర్తులతో మళ్లీ మొదటి నుంచి చదవండి.