బేస్‌బాల్ తెలిసినవాళ్ళు క్రికెట్ చూస్తూ ఎక్కడ ఇరుక్కుంటారు: సమస్య - పరిష్కారం

డాలస్ పక్కన గ్రాండ్ ప్రెయిరీలో ఉన్న క్రికెట్ స్టేడియం ఒకప్పుడు మైనర్ లీగ్ బేస్‌బాల్ మైదానం. 2023లో అమెరికా టీ20 లీగ్ అయిన మేజర్ లీగ్ క్రికెట్ అక్కడే మొదలైంది. అథ్లెటిక్స్ అనే బేస్‌బాల్ జట్టు దశాబ్దాల పాటు ఆడిన ఓక్లాండ్ కొలీజియంలో 2025లో క్రికెట్ మ్యాచ్‌లు జరిగాయి. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లోనూ క్రికెట్ ఉంది. అమెరికాలో మన ఇళ్ళల్లో అమ్మానాన్నలు క్రికెట్‌తో పెరిగినవాళ్ళు, పిల్లలు లిటిల్ లీగ్ అనే పిల్లల పోటీల్లో బేస్‌బాల్ ఆడుతున్నవాళ్ళు. పిల్లల్నో, ఆఫీసు స్నేహితుణ్ణో మ్యాచ్‌కి తీసుకెళ్తే పది నిమిషాల్లో ప్రశ్నలు మొదలవుతాయి.

బేస్‌బాల్ చూసే మనిషికి బంతి గమనం తెలుసు, ఫీల్డర్ల ఎత్తుగడలు తెలుసు, అంకెల మీద ప్రేమ కూడా ఎక్కువే. అయినా ఒకచోట ఆగిపోతారు. బేస్‌బాల్‌లో ఔట్ మామూలు సంగతి, పరుగు అరుదు. క్రికెట్‌లో పరుగు మామూలు, ఔట్ అరుదు. కింద చెప్పే చిక్కుల్లో చాలావరకు ఈ తలకిందుల లెక్కలోంచే వస్తాయి. అందుకని ఫీల్డింగ్ స్థానాల పేర్లతో పాఠం మొదలుపెట్టకండి. గల్లీ, సిల్లీ పాయింట్ అంటూ వరస పెట్టేసరికి ఉన్న ఆసక్తి పోతుంది. వాళ్ళు ఏ ప్రశ్న దగ్గర ఆగారో చూసి, ఆ ఒక్క ముడీ విప్పండి.

సమస్య: "కొట్టాడుగా, మరి పరుగెత్తడేం?"

కారణం: బేస్‌బాల్‌లో బంతి ఫౌల్ గీతల లోపల పడితే బ్యాటర్ పరుగెత్తి తీరాలి. కొట్టకుండా ఎక్కువసేపు నిలబడటమూ కుదరదు, మూడో స్ట్రైక్‌తో (కొట్టాల్సిన బంతిని తప్పినా, వదిలేసినా ఒక స్ట్రైక్) వంతు అయిపోతుంది. క్రికెట్ బ్యాటర్‌కి ఈ తొందర లేదు. కొట్టి నిలబడొచ్చు, ఆపి నిలబడొచ్చు, స్టంప్స్ పక్కగా పోయే బంతిని అసలు ముట్టుకోకుండా వదిలేయొచ్చు. స్ట్రైకుల లెక్కే లేదు. కానీ ఒక్కసారి ఔటైతే ఆ ఇన్నింగ్స్‌లో మళ్ళీ బ్యాటు పట్టే అవకాశం రాదు. బేస్‌బాల్ ఆటగాడికి ఒక్క మ్యాచ్‌లోనే నాలుగైదు సార్లు వంతు వస్తుంది. పదింట మూడుసార్లు హిట్ సాధిస్తే అతన్ని గొప్ప బ్యాటర్ అంటారు. మిగతా ఏడుసార్లు ఓడినా ఫర్వాలేదన్న ఆ ధీమా ఇక్కడ ఉండదు.

పరిష్కారం: ఒక రెండు ఓవర్లపాటు బంతిని వదిలేసి ఇద్దరు బ్యాటర్లనీ చూడమనండి. ఇద్దరూ చెరో చివరా ఉంటారు. మధ్యలో 22 గజాలు. ఇద్దరూ చివరలు మారితే ఒక పరుగు. వెళ్దామా వద్దా అని కేకలతో, చూపులతో తేల్చుకుంటారు. ఫీల్డర్ బంతిని ఎంత త్వరగా అందుకుంటాడు, విసురుడు ఎంత వేగంగా వస్తుంది అనే అంచనా బేస్‌బాల్ వాళ్ళకి బాగా అలవాటు. "ఇక్కడ సింగిల్ ఉందా, లేదా?" అని ప్రతి బంతికీ ముందే చెప్పమనండి. త్వరలోనే మీకన్నా బాగా చెప్తారు.

సమస్య: "నూట అరవై పరుగులా? ఇందులో టెన్షన్ ఏముంది?"

కారణం: నాలుగైదు పరుగులతో మ్యాచ్ తేలిపోయే ఆట చూసిన కళ్ళకి మూడంకెల స్కోరు విలువ లేనట్టు అనిపిస్తుంది. బేస్‌బాల్ జట్టు దగ్గర తొమ్మిది ఇన్నింగ్స్‌లకి కలిపి ఇరవై ఏడు ఔట్లు ఉంటాయి. టీ20 జట్టు దగ్గర ఉండేవి పది వికెట్లు, నూట ఇరవై బంతులు.

పరిష్కారం: పరుగుల అంకెని పక్కన పెట్టి, వికెట్లు ఎన్ని మిగిలాయి, బంతులు ఎన్ని మిగిలాయి అనే రెండింటినీ చూడమనండి. దీనికి గ్రాండ్ ప్రెయిరీలోనే జరిగిన మ్యాచ్ కన్నా మంచి పాఠం లేదు. 2024 జూన్ 6న టీ20 ప్రపంచకప్‌లో పాకిస్తాన్ ఏడు వికెట్లకి 159 చేసింది. ఛేజ్‌కి దిగిన అమెరికా జట్టు చివరి బంతికి ఐదు పరుగులు కావాల్సి ఉండగా నితీశ్ కుమార్ ఫోర్ కొట్టడంతో సరిగ్గా 159 దగ్గర ఆగింది. పోయినవి మూడు వికెట్లే. ఇంకా ఏడు వికెట్లు చేతిలో ఉన్నా గెలవలేదెందుకు? బంతులు అయిపోయాయి. టీ20లో ముందుగా ఖర్చయ్యేది బంతులేనని ఈ ఒక్క స్కోరుతో తెలిసిపోతుంది. స్కోర్లు సమం కాబట్టి ఆ తర్వాత చెరో ఓవర్‌తో సూపర్ ఓవర్ ఆడారు. ఎక్స్‌ట్రా ఇన్నింగ్స్ తెలిసినవాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. అమెరికా 18, పాకిస్తాన్ 13. అమెరికా తరఫున ఆ ఓవర్ వేసిన సౌరభ్ నేత్రావల్కర్ వృత్తిరీత్యా సాఫ్ట్‌వేర్ ఇంజనీర్. మన వాళ్ళకి ఈ కబురు ప్రత్యేకంగా చెప్పి తీరాలి.

బంతి గోడ దాటే హోమ్ రన్‌కి అలవాటుపడ్డవాళ్ళు సిక్స్ దగ్గర ఇంకో ప్రశ్న వేస్తారు. బేస్‌ల మీద ఎవరున్నారన్న దాన్ని బట్టి హోమ్ రన్ విలువ ఒకటి నుంచి నాలుగు దాకా మారుతుంది. సిక్స్‌కి ఎప్పుడూ ఆరే. 2025 జూన్‌లో ఓక్లాండ్ కొలీజియంలో ఫిన్ అలెన్ 51 బంతుల్లో 151 కొట్టాడు. అందులో పందొమ్మిది సిక్సులు. బేస్‌బాల్ గోడల మీదుగా బంతులు ఎగిరిపోతున్న ఆ వీడియో చూపిస్తే ఏ వివరణా అక్కర్లేదు.

సమస్య: "బంతిని నేలకేసి కొడుతున్నాడేంటి? వేగం కూడా తక్కువే!"

కారణం: బేస్‌బాల్‌లో బ్యాటర్ పక్కనుండే ప్లేట్ ముందు మట్టిలో పడిన బంతి సాధారణంగా గురి తప్పిన బంతి. అందుకే క్రికెట్ బంతి నేలని తాకగానే వాళ్ళ మనసులో "బాల్" అని పడిపోతుంది. పైగా తెర మీద గంటకి 85 మైళ్ళు అని కనిపిస్తే చప్పగా ఉంటుంది. బేస్‌బాల్‌లో బంతి విసిరే పిచ్చర్లు రోజూ 95 వేస్తున్నారు కదా. కానీ పిచ్చర్ మోచేయి వంచి విసురుతాడు. బౌలర్‌కి ఆ వెసులుబాటు లేదు, బంతి వదిలేటప్పుడు మోచేయి పదిహేను డిగ్రీలకి మించి చాచకూడదు. బంతి వేసే ముందు ఆ దూరపు పరుగంతా అందుకే.

పరిష్కారం: బంతి ఎక్కడ పడుతుందో ఆ చోటు మీద కన్నేయమనండి. పిచ్చర్ ఆయుధం గాల్లో ఉంటే, బౌలర్‌కి గాలితో పాటు నేల కూడా ఆయుధం. గాల్లో తిరిగితే స్వింగ్. నేలని తాకేటప్పుడు కుట్టు మీద పడి పక్కకి జరిగితే సీమ్. వేళ్ళతోనో మణికట్టుతోనో తిప్పితే స్పిన్. బ్యాటర్‌కి మరీ దగ్గరగా పడితే డ్రైవ్ చేస్తాడు, మరీ దూరంగా పడితే వెనక్కి జరిగి పుల్ చేస్తాడు. ముందుకి రావాలా, వెనక్కి పోవాలా అని తేల్చుకోలేని ఒక జాగా ఉంటుంది. దాన్నే గుడ్ లెంగ్త్ అంటారు. మంచి బౌలర్ రోజంతా ఆ జాగా కోసమే కష్టపడతాడు. 2023 సెప్టెంబర్ 17న కొలంబోలో ఆసియా కప్ ఫైనల్‌లో మన హైదరాబాద్ మహమ్మద్ సిరాజ్ ఒకే ఓవర్లో నాలుగు వికెట్లు తీశాడు. మొత్తం 21 పరుగులకి ఆరు, శ్రీలంక యాభైకే ఆలౌట్. ఆ ఓవర్‌ని నెమ్మదిగా చూపించండి. పిచ్చింగ్ అర్థమైనవాళ్ళకి ఇదీ అర్థమవుతుంది.

అమెరికావాళ్ళకి ఇది పరాయి విద్య కూడా కాదు. ఫిలడెల్ఫియాకి చెందిన బార్ట్ కింగ్ కుర్రతనంలో బేస్‌బాల్ పిచ్చర్. బంతిని గాల్లో వంచే ఆ నేర్పుని క్రికెట్‌లోకి తెచ్చాడు. 1908 ఇంగ్లండ్ పర్యటనలో అక్కడి బౌలింగ్ సగటుల్లో మొదటి స్థానంలో నిలిచాడు.

సమస్య: ఎల్‌బీడబ్ల్యూ (లెగ్ బిఫోర్ వికెట్) దగ్గర ముఖం తేలేయడం

ఇది అందరికీ వచ్చే చిక్కే, ఓపిక పట్టాలి. కారణం చిన్నది. బేస్‌బాల్‌లో స్ట్రైక్ జోన్, అంటే బంతి వెళ్ళాల్సిన జాగా, కంటికి కనపడదు, ఊహించుకోవాలి. క్రికెట్‌లో మూడు కర్రలు పాతి మరీ చూపిస్తారు, ఊహించుకోవాల్సింది కాలు అడ్డు లేకపోతే బంతి దారి ఎలా ఉండేదన్నది. బ్యాటుకి తగలకుండా బంతి కాలికి తగిలితే అంపైర్ మూడు సంగతులు చూస్తాడు. బంతి లెగ్ స్టంప్ బయట పడిందా? పడితే నాటౌట్. కాలికి ఎక్కడ తగిలింది? షాట్ ఆడుతూ ఆఫ్ స్టంప్ బయట తగిలితే నాటౌట్. ఈ రెండూ దాటాక, బంతి అలాగే వెళ్ళి స్టంప్స్‌ని తాకేదా?

పరిష్కారం: మైదానంలో చెప్పకండి, రివ్యూ తీసుకున్నప్పుడు తెర మీద చెప్పండి. అక్కడ ఈ మూడూ వరసగా రంగుల్లో కనిపిస్తాయి. టీవీలో స్ట్రైక్ జోన్ గడి చూసి అలవాటైనవాళ్ళు దీన్ని ఇట్టే పట్టేస్తారు.

సమస్య: "వెనక్కి పోయింది, ఫౌల్ కదా?"

ఇక్కడ ఫౌల్ లేదు. చుట్టూ ఎటైనా కొట్టొచ్చు, కీపర్ తల మీదుగా కూడా. బేస్‌బాల్ మైదానం రెండు గీతల మధ్య పావు వృత్తం, ఇది పూర్తి వృత్తం. ఫీల్డర్లు మాత్రం బౌలర్, కీపర్‌తో కలిపి పదకొండు మందే. అంటే ఎప్పుడూ ఎక్కడో ఖాళీ ఉంటుంది. ప్రతి ఓవర్ ముందూ "ఖాళీ ఎక్కడ ఉంది?" అని అడగండి. టీ20 మొదటి ఆరు ఓవర్లలో లోపలి వలయం బయట ఇద్దరే ఉండాలి కాబట్టి జవాబు సులభం. అక్కడ మొదలుపెట్టండి.

సమస్య: "తీసేసిన బౌలర్ మళ్ళీ వచ్చాడేంటి?"

మార్చేసిన పిచ్చర్ మ్యాచ్‌లోకి తిరిగి రాడు. బౌలర్ ఎన్నిసార్లైనా రావచ్చు, వరసగా రెండు ఓవర్లు వేయకూడదంతే. టీ20లో ఒక్కొక్కరికి నాలుగు ఓవర్లే గరిష్ఠం. మంచి బౌలర్ మిగిలిన ఓవర్లని కెప్టెన్ ఎప్పుడు వాడతాడో ఊహించమనండి. బుల్‌పెన్ ఎత్తుగడలు (ఏ పిచ్చర్‌ని ఎప్పుడు దించాలన్న లెక్క) ఇష్టపడేవాళ్ళకి ఈ లెక్క చాలా నచ్చుతుంది.

సమస్య: "ఐదు రోజులు ఆడి, ఎవరూ గెలవలేదా?"

కారణం: బేస్‌బాల్‌లో గడియారం చేతిలో ఆట ఉండదు, గెలుపు తేలేదాకా ఆడుతూనే ఉంటారు. టెస్ట్‌లో గడువు కూడా ఒక ఆటగాడే. గెలవాలంటే పరుగులు ఎక్కువ చేస్తే చాలదు, ఐదు రోజుల్లోపు ఎదుటివాళ్ళని రెండుసార్లు ఆలౌట్ చేయాలి. చేయలేకపోతే డ్రా. స్కోర్లు సమమై ముగిసే టై వేరు, అది చాలా అరుదు.

పరిష్కారం: టెస్ట్‌తో మొదలుపెట్టకండి. నాలుగైదు టీ20లు చూశాక, ఏదైనా టెస్ట్ చివరి రోజు ఆఖరి సెషన్ చూపించండి. 2021 జనవరి 11న సిడ్నీలో జరిగినది అన్నిటికన్నా మేలు. ఆస్ట్రేలియా మీద భారత్ లక్ష్యం 407. వికెట్లు ఐదు పోయాయి. కాకినాడ కుర్రాడు హనుమ విహారికి సింగిల్ తీయబోయి తొడ కండరం పట్టేసింది, ఇక పరుగెత్తలేడు. అవతల అశ్విన్ వెన్నునొప్పితో ఉన్నాడు. విహారి 161 బంతులు ఆడి 23 పరుగులతో నాటౌట్‌గా మిగిలాడు. నలభై ఓవర్లకి పైగా ఇద్దరూ నిలబడ్డారు. స్కోరుబోర్డు దాదాపు కదల్లేదు, భారత్ ఓడిపోలేదు. తర్వాత బ్రిస్బేన్‌లో గెలిచి సిరీస్ 2-1తో తెచ్చుకుంది. ఔట్ ఎంత ఖరీదైనదో, పరుగెత్తకపోవడం కూడా ఎలా ఆటవుతుందో ఆ సాయంత్రం చూసినవాళ్ళకి వేరే పాఠం అక్కర్లేదు. నాకు తెలిసిన క్రికెట్‌లో ఇంతకన్నా గొప్ప 23 లేదు.

ఇది నచ్చితే, అప్పుడు 2001 కోల్‌కతా టెస్ట్ గురించి చెప్పండి: 171కి ఆలౌటై ఫాలో ఆన్ (వెంటనే రెండోసారి బ్యాటింగ్) ఆడిన భారత్, లక్ష్మణ్ 281, ద్రావిడ్ 180తో ఏడు వికెట్లకి 657 దగ్గర డిక్లేర్ చేసి, చివరికి 171 పరుగుల తేడాతోనే గెలిచింది. చేతిలో మూడు వికెట్లుండగా బ్యాటింగ్ ఎందుకు ఆపేశారని అడుగుతారు. ఆస్ట్రేలియాని ఆలౌట్ చేయడానికి సమయం మిగలాలి కదా అని మీరు చెప్పేలోపే వాళ్ళకే తడుతుంది.

సమస్య: అన్నీ విన్నా, మధ్య ఓవర్లలో ఫోన్ చూసుకోవడం

కారణం: వరసగా సింగిల్స్ వస్తుంటే ఏం మారుతోందో వాళ్ళకి కనపడదు.

పరిష్కారం: చేతికి ఒక స్కోర్ షీట్, పెన్సిల్ ఇవ్వండి. బేస్‌బాల్ అభిమానుల్లో స్కోరు రాసుకునే అలవాటు పాతదే. ఆ ఆటకి బాక్స్ స్కోర్ (మ్యాచ్ అంకెల పట్టిక) అందించిన హెన్రీ చాడ్విక్ అంతకుముందు క్రికెట్ మ్యాచ్‌ల గురించి రాసిన విలేకరి. ఒక్కో ఓవర్‌కి ఒక్కో గడి గీయించండి. పరుగు రాకపోతే చుక్క, వస్తే అంకె, వికెట్ పడితే డబ్ల్యూ. ఆరు చుక్కలూ వరసగా పడితే వాటిని ఎమ్ ఆకారంలో కలిపి మెయిడెన్ అని గుర్తించాలి. మెయిడెన్‌లోనే వికెట్ కూడా పడితే ఆ గీతల్ని డబ్ల్యూగా మలుస్తారు. రెండు మూడు గడుల్లో చుక్కలు పేరుకుంటే, తర్వాతి గడిలో బ్యాటర్ ఏదో తెగింపు చేస్తాడని వాళ్ళే కనిపెడతారు.