పికప్ మార్చడానికి గిటార్ విప్పే ముందు

కళింగపట్నం, బారువ వైపు ఉప్పుగాలి తగిలే ఇళ్లలో పికప్ (తీగల కదలికను కరెంటు సిగ్నల్‌గా మార్చే అయస్కాంతం, తీగచుట్ట) మార్చడానికి ఎలక్ట్రిక్ గిటార్ విప్పేవాళ్ల కోసం.

– ముసురు పట్టిన రోజు వద్దు. గదిలో తేమ 45–55 శాతం ఉంటే మేలు; వానాకాలంలో ఏసీ వేస్తే తప్ప అంత తగ్గదు.

– ఆంప్ (శబ్దం పెంచే యాంప్లిఫయర్) కేబుల్ తీసేయండి.

– వైర్లు ఊడదీసే ముందు దగ్గరగా ఫోటో తీయండి. బ్రిడ్జి (బాడీ మీద తీగలు ఆనే లోహపు భాగం) నుంచి వచ్చే సన్నటి గ్రౌండ్ వైరు మరీ ముఖ్యం. అది ఊడితే ఆంప్‌లో జుయ్యిమని హమ్ మొదలవుతుంది. వాల్యూమ్ పాట్ (వాల్యూమ్ నాబ్ కింద ఉండే భాగం) కాళ్ల మీద పచ్చటి చిలుము ఉందా? సన్నటి గరుకు కాగితంతో గీకి, మెరుపు వచ్చాకే సోల్డర్ (వైరును అతికే కరిగించిన లోహం) పెట్టండి. చిలుము మీద అది అతుక్కోదు. ఈ పనిలో తొందర అస్సలు పనికిరాదు.

– బాడీ మీద మందపాటి నూలు గుడ్డ కప్పండి.

– నెక్ వంగిందని ట్రస్ రాడ్ (నెక్ లోపలి లోహపు కడ్డీ) ఒకేసారి బిగించొద్దు. పావు చుట్టు తిప్పి, మర్నాడు చూడండి.