ప్రయాణానికీ ఇంటి వాడకానికీ ఒకే మడత స్ట్రోలర్: కొనేముందు కొలవవలసినవి, పరీక్షించవలసినవి

మడత స్ట్రోలర్, అంటే బిడ్డను కూర్చోబెట్టి తోసే మడిచే బండి, అమ్మేవారు సాధారణంగా ముందుగా చూపించేది, మడిచిన తరువాత అది ఎంత చిన్నదవుతుందో. కానీ చంటిబిడ్డతో తిరిగే తల్లిదండ్రులకు అసలైన పరీక్ష మడిచిన తరువాత కాదు, మడిచేటప్పుడే ఎదురవుతుంది. బిడ్డ ఒక చంకన ఉంటుంది, భుజానికి సంచి వేలాడుతుంది, ఆటో ఎదురుగా ఆగి ఉంటుంది. ఆ అర నిమిషంలో మిగిలిన ఒక్క చేతితో బండిని మడిచి, ఎత్తి, లోపల పెట్టగలిగితేనే అది మీకు పనికివచ్చే స్ట్రోలర్. బరువు, చక్రాలు, సీటు, ధర మొదలైన మిగిలిన లెక్కలన్నీ ఆ అర నిమిషాన్ని మనసులో ఉంచుకునే చూడాలి.

ఈ మాట నేను రెండుసార్లు తప్పు కొన్న తరువాత రాస్తున్నాను. మా పాప పుట్టినప్పుడు కొన్న మొదటి బండి పదకొండు కిలోలు ఉండేది. విజయవాడలో మేము ఉండే రెండో అంతస్తుకు లిఫ్ట్ లేదు. పాపను ఒకసారి, బండిని ఒకసారి దింపవలసి వచ్చేది కనుక ఇంట్లో ఇంకొకరు ఉంటే తప్ప నేను దానిని బయటికి తీసేదాన్ని కాదు. ఆ తరువాత తేలికగా ఉంటుందని కొన్న రెండవ బండి చక్రాలు మా వీధిలోని కంకరకు ఆగిపోయేవి. ఒకటి మెట్ల దగ్గర ఓడిపోయింది, మరొకటి నేల దగ్గర ఓడిపోయింది.

అందువల్ల దుకాణానికి వెళ్లేముందు ఒక టేపు తీసుకుని ఇల్లు, వాహనం, ప్రయాణం మూడింటినీ కొలవండి. కారు ఉంటే డిక్కీ లోపలి పొడవు, వెడల్పు, ఎత్తు రాసుకోండి. సీఎన్‌జీ సిలిండర్ అమర్చిన కారయితే డిక్కీలో మిగిలేది సన్నని జాగా మాత్రమే కాబట్టి పలుచగా మడిచే రకమే పడుతుంది. ఎక్కువగా ఆటోలో వెళ్లేవారు వెనుక సీటు వెనకాల ఉండే అరను, ముందు సీటుకూ మోకాళ్లకూ మధ్య ఖాళీని చూసుకోవాలి. రైలు ప్రయాణాలు ఎక్కువయితే కింది బెర్తు కింద ఎత్తు ముఖ్యం, ఎందుకంటే అక్కడ ఇతరుల పెట్టెలూ ఉంటాయి, నడవలో బండిని వదిలేయడం కుదరదు. అపార్ట్‌మెంట్ లిఫ్ట్ తలుపు వెడల్పును కూడా మరచిపోవద్దు. ఇంట్లో తలుపు వెనుక నిలబెట్టే ఉద్దేశం ఉంటే, మడిచిన తరువాత గోడ ఆసరా లేకుండా తనంతట తాను నిలబడే రకాన్నే ఎంచుకోండి.

విమాన ప్రయాణానికి కొనేవారు ‘క్యాబిన్ సైజు’ అన్న మాట దగ్గర కొంచెం ఆగాలి. ఆ మాటకు అన్ని విమానసంస్థలకూ వర్తించే ఒకే కొలత లేదు. చాలా కంపెనీలు 56×45×25 సెంటీమీటర్ల పెట్టెను దృష్టిలో ఉంచుకుని ఆ మాట వాడుతాయి. ఇండిగో క్యాబిన్ సామానుకు ప్రకటించిన కొలత మాత్రం 55×35×25 సెంటీమీటర్లు, బరువు 7 కిలోలు. ప్రపంచమంతా వాడుతున్న, బేబీజెన్ సంస్థ తెచ్చిన యోయో అనే మడత స్ట్రోలర్ మడిచినప్పుడు 52×44×18 సెంటీమీటర్లు ఉంటుంది. మొత్తం పరిమాణం లెక్కవేస్తే అది ఇండిగో పెట్టె కన్నా చిన్నదే, అయినా 44 సెంటీమీటర్ల వెడల్పు 35లో పట్టదు. కాబట్టి మూడు కొలతల్లో ప్రతి ఒక్కటీ విడివిడిగా సరిపోవాలి. లోపలికి అనుమతించడమనేది విమానం నిండుదనాన్నీ సిబ్బంది నిర్ణయాన్నీ బట్టి కూడా ఉంటుంది. బిడ్డతో ప్రయాణించేవారి స్ట్రోలర్‌ను చాలా సంస్థలు అదనపు రుసుము లేకుండానే తీసుకుంటాయి, విమానం తలుపు దాకా తోసుకువెళ్లి అక్కడ ట్యాగ్ వేయించి సిబ్బందికి అప్పగించే వీలు కూడా చాలాచోట్ల ఉంది. అందువల్ల ఏడాదికి ఒకసారి విమానమెక్కే కుటుంబం క్యాబిన్ సైజు కోసమే రెట్టింపు ధర పెట్టనవసరం లేదని నా అభిప్రాయం. దుబాయ్‌లోనో దోహాలోనో విమానం మారి అమెరికాకో బ్రిటన్‌కో వెళ్లేవారికి లెక్క వేరు. అక్కడ చాలా దూరం నడవాలి, తలుపు దగ్గర ఇచ్చిన బండి మధ్యలో తిరిగి చేతికి వస్తుందో, నేరుగా చివరి ఊరికే వెళ్తుందో ట్యాగ్ వేసే ముందే అడిగి తెలుసుకోవాలి.

ఇప్పుడు బిడ్డ వయసు. మెడ నిలబడని పసికందును, సొంతంగా కూర్చోలేని బిడ్డను నిటారు సీటులో ఉంచకూడదు, తల ముందుకు వాలితే ఊపిరి దారి నొక్కుకుపోతుంది. మడత స్ట్రోలర్లలో చాలా వాటిని ఆరు నెలలు నిండినవారి కోసమే తయారుచేస్తారు. పుట్టినప్పటి నుంచీ వాడవచ్చని రాసి ఉంటే, సీటు దాదాపు పూర్తిగా చదునుగా వాలుతుందో లేదో చేత్తో వాల్చి చూడండి. సగం వాలి ఆగిపోయేది పసికందుకు సరిపోదు. తొలి ఆరు నెలల్లో ప్రయాణాలు తక్కువే కాబట్టి, ఆ రోజులకు ఒడినీ చంకనూ నమ్ముకుని, బిడ్డ కూర్చునే వయసుకు వచ్చాక స్ట్రోలర్ కొనడం చాలా ఇళ్లకు సరిపోయే పద్ధతి.

ఎంతకాలం పనికివస్తుందన్నది బరువు పరిమితి చెబుతుంది. యూరప్ ప్రమాణం ఈఎన్ 1888లో మొదటి భాగం 15 కిలోల వరకు, రెండవ భాగం అంతకు మించి 22 కిలోల వరకు బరువున్న పిల్లల బండ్లకు వర్తిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎదుగుదల పట్టికల ప్రకారం ఏడాది నిండిన మగబిడ్డ మధ్యస్థ బరువు 9.6 కిలోలు, ఆడబిడ్డది 8.9 కిలోలు. మూడేళ్లకు అవి వరుసగా 14.3, 13.9 కిలోలు. కాబట్టి 15 కిలోల పరిమితి ఉన్న బండి మామూలు బిడ్డకు మూడేళ్ల దాకా వస్తుంది, కొంచెం బొద్దుగా ఉన్న పిల్లలకు అంతకన్నా ముందే సమయం అయిపోతుంది. తిరుగుళ్లు ఎక్కువగా ఉన్న ఇంట్లో 22 కిలోల రకం తీసుకోవడమే మేలు. అయితే అది సాధారణంగా ఒకటి రెండు కిలోలు ఎక్కువ బరువు తూగుతుంది.

మడత విషయానికి వద్దాం. మడత స్ట్రోలర్‌కు దారి చూపినది ఓవెన్ మెక్లారెన్ అనే బ్రిటిష్ విమాన ఇంజనీరు. స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం చక్రాలు ముడుచుకునే నిర్మాణంపై పనిచేసిన ఆయన, 1965లో గొడుగులా ముడుచుకునే అల్యూమినియం బండిని రూపొందించారు. తన మనవరాలితో వచ్చిన కుమార్తె బరువైన బండితో పడుతున్న అవస్థ చూసి ఒక తాతయ్య చేసిన పని అది. గొడుగు మడత బండి ఇప్పటికీ చవకగా దొరుకుతుంది, కానీ మడిచినప్పుడు పొడవుగా కర్రలా ఉంటుంది, చాలా రకాలకు రెండు చేతులూ కావాలి. రెండు మూడు మడతలుగా ముడుచుకుని పెట్టెలా మారే రకం ధర ఎక్కువ, అయితే భుజానికి తగిలించుకోవచ్చు.

దుకాణంలో పరీక్షించేటప్పుడు అమ్మే అబ్బాయి మడిచి చూపితే సరిపోదు. మీరే పది కిలోల బియ్యం సంచిని ఒక చంకన ఎత్తుకుని, మిగిలిన చేతితో మూడుసార్లు మడిచి విప్పండి. తరువాత ఆ సంచినే సీటులో పెట్టి ఒక చేత్తో తోయండి, మలుపు తిప్పండి. ఖాళీ బండి ఏదైనా నున్నని పాలరాతి నేల మీద చక్కగానే నడుస్తుంది. ఇంట్లో అమ్మమ్మో నానమ్మో బిడ్డను తిప్పేటట్లయితే వారిని వెంట తీసుకువెళ్లి వారి చేతే మడిపించండి. బొటనవేలితో గట్టిగా నొక్కవలసిన మీటలు కీళ్లనొప్పులున్న చేతులకు లొంగవు, హ్యాండిల్ మరీ కిందికి ఉంటే నడుము పట్టేస్తుంది. చీర కట్టుకుని నడిచేవారికి అడుగు వేసినప్పుడు కాలు వెనుక ఇరుసుకు తగులుతుందేమో కూడా చూడాలి.

చక్రాల విషయంలో నేను అందరికన్నా పట్టుదలగా ఉంటాను, ఎందుకంటే మన వీధుల్లో బండిని ఓడించేది అదే. చిన్న చక్రం గుంటలోకి లోతుగా దిగుతుంది, ఎత్తును ఎక్కలేదు. విమానాశ్రయం, మాల్, మెట్రో స్టేషన్ వంటి చోట్ల ఐదంగుళాల చక్రాలు హాయిగా దొర్లుతాయి. కంకర, పగిలిన సిమెంటు పలకలు, ఇంటి ముందు ర్యాంపు, మురుగుకాలువ మీది ఇనుప జల్లెడ ఉన్న దారిలో ఆరు ఏడు అంగుళాల చక్రం, కనీసం ముందువైపు స్ప్రింగు ఉండాలి. గట్టి ప్లాస్టిక్ చక్రం అదురును నేరుగా బిడ్డ వెన్నుకు పంపుతుంది, రబ్బరు లేదా నురుగు పదార్థంతో చేసినది మెరుగు. ముందు చక్రాలు అన్నివైపులా తిరగడంతోపాటు, గరుకు నేల మీద తిన్నగా ఉండేలా బిగించుకునే తాళం ఉంటే చాలా ఉపయోగం. స్పీడ్ బ్రేకర్ వస్తే బండిని ముందుకు గుద్దకుండా, హ్యాండిల్‌ను కొద్దిగా కిందికి నొక్కి ముందు చక్రాలు లేపి దాటించాలి. లిఫ్ట్ గడప దగ్గర వెనుకకు తిరిగి లాగడం తేలిక.

ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే మన ఎండకు కప్పు పొడవు ముఖ్యం. నుదుటి దాకా కాదు, మోకాళ్ల దాకా నీడ రావాలి, వెనుక గాలి ఆడే వల కిటికీ ఉండాలి. నీడ చాలలేదని ముందువైపు తువ్వాలో చున్నీయో కప్పడం మన దగ్గర చాలామంది చేసే పని. దయచేసి అలా చేయవద్దు. గాలి ఆగి లోపలి వేడి త్వరగా పెరుగుతుంది, బిడ్డ ముఖం కూడా మనకు కనబడదు. ఎండలో నిలిపిన బండిలో బిడ్డను కూర్చోబెట్టే ముందు బెల్టు బకిల్‌ను చేత్తో తాకి చూడండి.

భద్రతలో మొదటిది భుజాలకు రెండు, నడుముకు రెండు, కాళ్ల మధ్య ఒకటి చొప్పున ఐదు పట్టీల బెల్టు. కాళ్ల మధ్య పట్టీ లేకపోతే నిద్రలో బిడ్డ కిందికి జారుతుంది. రెండవది, తెరిచి ఉన్నప్పుడు అకస్మాత్తుగా ముడుచుకోకుండా ఆపే తాళం. విప్పిన ప్రతిసారీ ‘టక్’ మన్న చప్పుడు విని, ఒకసారి కిందికి నొక్కి చూశాకే బిడ్డను కూర్చోబెట్టండి. మూడవది, చట్రం ముడుచుకునే చోట ఉండే కీళ్లు. 2009లో అమెరికాలో పిల్లల వేలికొసలు కీళ్లలో పడి తెగిన 12 ఘటనల తరువాత దాదాపు 10 లక్షల గొడుగు మడత బండ్లకు కీళ్లపై తొడుగులు ఇవ్వవలసి వచ్చింది. మడిచేటప్పుడూ విప్పేటప్పుడూ బిడ్డ చేయి చాచినా బండి అందనంత దూరంలో ఉండాలి. హ్యాండిల్‌కు బరువైన సంచులు తగిలించే అలవాటు కూడా మానాలి, తేలికైన బండి వెనుకకు తిరగబడుతుంది, బిడ్డను ఎత్తుకున్న క్షణంలో అది మరీ సులువుగా జరుగుతుంది.

రైల్వే ప్లాట్‌ఫారం మీద బండిని పట్టాలకు సమాంతరంగా, అంచుకు దూరంగా నిలిపి బ్రేకు వేయండి. ఆగకుండా వెళ్లే రైలు గాలికి తేలికైన బండి కదలవచ్చు, అందువల్ల బ్రేకు వేసినా చేయి వదలవద్దు. రెండు నిమిషాలే ఆగే స్టేషన్లో రైలు కనబడగానే మడిచి ఉంచుకోవాలి, బిడ్డను ఒకరు, బండిని మరొకరు తీసుకుని ఎక్కాలి. ఎస్కలేటర్ మీదికి బిడ్డ కూర్చుని ఉన్న బండిని ఎప్పుడూ ఎక్కించవద్దు. మెట్రో స్టేషన్లలో లిఫ్ట్ కొంచెం దూరమైనా అక్కడికే వెళ్లండి.

సీటు గుడ్డ విప్పి ఉతుక్కునేలా ఉంటే పెరుగన్నం, బిస్కెట్ పొడి బెంగ ఉండదు. విశాఖ వంటి సముద్రతీర ఊళ్లలో ఉక్కు చట్రం కన్నా అల్యూమినియం చట్రం ఎక్కువకాలం మన్నుతుంది. ఇసుకలో తిప్పిన రోజున చక్రాల ఇరుసులను మంచినీటితో కడిగి ఆరబెట్టాలి. పాతది కొనేటట్లయితే రివెట్లు, బెల్టు కుట్లు, బ్రేకు చూడకుండా డబ్బు ఇవ్వవద్దు.

విమానం తలుపు దగ్గర బండిని అప్పగించేముందు వానకవరు, ముందు కడ్డీ, గ్లాసు హోల్డరు వంటి ఊడే భాగాలను తీసి మీ సంచిలో వేసుకోండి. బండిని గట్టి సంచిలో పెట్టి, పేరూ ఫోన్ నంబరూ ఉన్న చీటీ కట్టి, ఒక ఫొటో తీసుకోండి. దిగిన చోట చేతికి రాగానే విప్పి, చక్రాలు తిప్పి, తాళం పడుతుందో లేదో చూడండి. ఏదైనా విరిగి ఉంటే విమానాశ్రయం నుంచి బయటికి రాకముందే ఆ సంస్థ సామాను కౌంటర్‌లో ఫిర్యాదు రాయించుకుని దాని ప్రతిని తీసుకోండి.