రద్దీ సీజన్ రాకముందే తేల్చుకోండి: పార్శిల్ దారిలో పోతే నష్టం ఎవరిది?

ఆన్‌లైన్ కొనుగోళ్లు ఒక్కసారిగా పెరిగే రోజుల్లో కొరియర్ గోడౌన్లు కిక్కిరిసిపోతాయి. పని తెలియని కొత్త మనుషులు వస్తారు, బళ్లు ఆలస్యమవుతాయి, లేబుళ్లు చిరుగుతాయి, ఒక ఊరి సంచిలో వెళ్లాల్సింది ఇంకో ఊరి సంచిలో పడుతుంది. ఇంటి దగ్గర నుంచి అమ్ముకునే చిన్న వ్యాపారికి ఒక్క ఖరీదైన పార్శిల్ పోయినా ఆ నెల కష్టమంతా పోయినట్టే. డబ్బు కట్టి ఎదురుచూసేవాళ్ల టెన్షన్ కూడా తక్కువేం కాదు. పోయాక ఇద్దరూ ఒకరినొకరు నిందించుకుంటారు, కొరియర్ వాళ్లు ఒక కంప్లైంట్ నంబర్ ఇచ్చి ఊరుకుంటారు. కొన్ని విషయాలు ముందే తేల్చుకుని ఉంటే ఈ గొడవ చాలావరకు రాదు.

ఇక్కడ ఒప్పందాలు రెండు ఉంటాయి. కొన్నవారికీ అమ్మినవారికీ మధ్య ఒకటి, అమ్మినవారికీ కొరియర్‌కీ మధ్య ఇంకొకటి. కొరియర్‌ను ఎంచుకుని, డబ్బు కట్టి, సరుకు అప్పగించింది అమ్మినవారు. అందుకే కొరియర్ మొదట జవాబు చెప్పాల్సింది వాళ్లకే. కొన్నవారికి జవాబు చెప్పాల్సింది అమ్మినవారు. "మేం పంపేశాం, ఇక మీరూ కొరియర్ వాళ్లూ చూసుకోండి" అని చాలామంది అమ్మకందారులు మనస్ఫూర్తిగా నమ్మే చెబుతారు. చాలా దేశాల్లో మామూలు వినియోగదారుడి దగ్గర ఆ మాట చెల్లదు.

బ్రిటన్‌లో 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం 29వ సెక్షన్ ప్రకారం, సరుకు కొన్నవారి చేతికో, వారు చెప్పిన మనిషి చేతికో అందేవరకు రిస్క్ వ్యాపారిదే. యూరోపియన్ యూనియన్ 2011లో తెచ్చిన వినియోగదారుల హక్కుల డైరెక్టివ్‌లోని 20వ అధికరణం చెప్పేదీ అదే. రెండింట్లోనూ ఒక మినహాయింపు ఉంది. వ్యాపారి చూపించిన ఆప్షన్లు వద్దని కొన్నవారే తమ కొరియర్‌ను కుదుర్చుకుంటే, ఆ కొరియర్ చేతిలో సరుకు పెట్టినప్పటి నుంచి రిస్క్ కొన్నవారిది. అమెరికాలో యూనిఫాం కమర్షియల్ కోడ్ అనే వాణిజ్య చట్టం ఒప్పందం ఎలా ఉందో చూస్తుంది. "కొరియర్‌కి అప్పగిస్తే చాలు" అన్న ఒప్పందం ఒకటి, "ఫలానా చోటికి చేర్చాలి" అన్నది ఇంకొకటి. మొదటిదాంట్లో రిస్క్ అప్పగించగానే మారిపోతుంది, రెండోదాంట్లో చేరేదాకా అమ్మినవారిదే.

భారతదేశంలో 1930 నాటి వస్తు విక్రయ చట్టం 39వ సెక్షన్ చదివితే అమ్మినవారికి కాస్త ఊరట కనిపిస్తుంది. కొన్నవారికి పంపడం కోసం రవాణాదారుకి సరుకు ఇస్తే, వేరే ఒప్పందం లేనప్పుడు, కొన్నవారికి ఇచ్చినట్టే లెక్క అంటుంది. కానీ అదే సెక్షన్ ఇంకో మాట కూడా అంటుంది. సరుకు ఎలాంటిదో చూసుకుని, దానికి తగిన షరతులతో బుక్ చేయాల్సిన బాధ్యత అమ్మినవారిదే. అది చేయకపోవడం వల్ల దారిలో పోతే, ఆ అప్పగింత మాకు చెల్లదు అని కొన్నవారు అనవచ్చు. ఖరీదైన సరుకును ట్రాకింగ్ లేని చవక సర్వీసులో పంపేవాళ్లు ఈ భాగాన్ని రెండుసార్లు చదవాలి. పైగా 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం, ప్రకృతి విపత్తులాంటి కారణం లేకుండా చెప్పిన గడువు దాటి వచ్చిన సరుకును "వెనక్కి తీసుకోం" అనో, "డబ్బు తిరిగివ్వం" అనో మార్కెట్‌ప్లేస్ (చాలామంది అమ్మకందారులకు చోటిచ్చే సైటు) అమ్మకందారులు అనకూడదు.

వ్యాపారి నుంచి వ్యాపారికి, అదీ దేశాలు దాటి జరిగే అమ్మకాల లెక్క వేరు. అంతర్జాతీయ వస్తు విక్రయాలపై 1980లో కుదిరిన వియన్నా ఒప్పందం వర్తించే చోట, ఫలానా చోటే అప్పగించాలన్న షరతు లేకపోతే, మొదటి రవాణాదారుకి ఇవ్వగానే రిస్క్ కొన్నవారికి మారుతుంది. ఖర్చు ఎవరిదో, రిస్క్ ఎప్పుడు మారుతుందో చెప్పే ప్రామాణిక వాణిజ్య షరతులు ఇన్‌కోటర్మ్స్. వాటి 2020 కూర్పులో 11 పద్ధతులున్నాయి. వాటిలో సీపీటీ, సీఐపీ దగ్గర కొత్తవాళ్లు బాగా పొరబడతారు. రవాణా ఖర్చు అమ్మినవారే గమ్యం దాకా కడతారు, రిస్క్ మాత్రం మొదట్లోనే కొన్నవారి మీదికి వెళ్లిపోతుంది. ఖర్చు కట్టినవాళ్లదే రిస్క్ కూడా అనుకోవద్దు. సరుకు చేరేదాకా అమ్మినవారే బాధ్యత వహించాలంటే డీఏపీ, డీపీయూ, డీడీపీల్లో ఒకటి రాసుకోవాలి.

ఇద్దరు మామూలు మనుషుల మధ్య పాత వస్తువుల అమ్మకం జరిగితే, వ్యాపారుల మీద పెట్టిన ఈ వినియోగదారుల నియమాలు సాధారణంగా అక్కడికి రావు. అందుకే డబ్బు పంపే ముందే "దారిలో పోతే డబ్బు ఎవరు భరించాలి, ఇన్సూరెన్స్ ఎవరు చేయించాలి" అని మెసేజ్‌లో అడిగి, అవతలి నుంచి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. ఫోన్‌లో అనుకున్న మాటకు రేపు సాక్ష్యం ఉండదు.

అమ్మేవాళ్లకు ఒకటి గట్టిగా చెప్పాలి. "ఇన్సూరెన్స్ కావాలంటే అదనం, తీసుకోకపోతే పోయినదానికి మా బాధ్యత లేదు" అని రాసే అలవాటు మానేయండి. రిస్క్ మీ మీదే ఉన్నచోట ఆ ఇన్సూరెన్స్ కాపాడేది మిమ్మల్ని. దాని ఖర్చు ధరలోనే కలుపుకుని, "మీ చేతికి అందేవరకు బాధ్యత మాది, చెప్పిన తేదీ దాటి ఇన్ని రోజులైతే పోయినట్టు లెక్కించి, మీరు కోరిన ప్రకారం డబ్బో, ఇంకో వస్తువో ఇస్తాం" అని పేజీలో స్పష్టంగా రాయండి. ఎన్ని రోజులన్నది మీరే నిర్ణయించుకోండి, కానీ సీజన్ మధ్యలో మార్చకండి.

కొరియర్ నుంచి ఎంత వస్తుందన్న అంచనా కూడా ముందే ఉండాలి. ఇక్కడే చాలామంది గుండె జారిపోతుంది. రవాణాదారు బాధ్యత చాలా సందర్భాల్లో బరువును బట్టి ఉంటుంది, వస్తువు విలువను బట్టి కాదు. దేశాల మధ్య విమానంలో వెళ్లే సరుకుకు 1999 మాంట్రియల్ ఒప్పందం ప్రకారం 2024 డిసెంబర్ 28 నుంచి పరిమితి కిలోకి 26 ఎస్‌డీఆర్. ఎస్‌డీఆర్ (స్పెషల్ డ్రాయింగ్ రైట్స్) అంటే డబ్బు విలువకు అంతర్జాతీయ ద్రవ్యనిధి వాడే కొలమానం. 300 గ్రాముల ఫోన్ పోతే ఈ పరిమితి ప్రకారం వచ్చేది 7.8 ఎస్‌డీఆర్ మాత్రమే. యూరప్‌లో దేశాలు దాటే రోడ్డు రవాణాకు వర్తించే సీఎంఆర్ ఒప్పందంలో అయితే కిలోకి 8.33 ఎస్‌డీఆర్. బుకింగ్ అప్పుడే ప్రత్యేకంగా విలువ ప్రకటించి, అడిగితే అదనపు ఛార్జీ కట్టినప్పుడు ఈ పరిమితి పెరుగుతుంది.

ఫారంలో "విలువ" అని కనిపించగానే ఇన్సూరెన్స్ అయిపోయిందనుకోకండి. కస్టమ్స్ కోసం రాసే విలువ వేరు, రవాణాదారు బాధ్యత పెంచుకోవడానికి ప్రకటించే విలువ వేరు, ఇన్సూరెన్స్ మొత్తం వేరు. దిగుమతి సుంకం తగ్గించడానికి తక్కువ విలువ రాయమని కొనేవారు అడిగితే ఒప్పుకోకండి. అది తప్పుడు ప్రకటన. పార్శిల్ పోయినరోజు మీరే రాసిన ఆ తక్కువ అంకెను మీ ముందు పెడతారు. ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు మినహాయింపుల పేజీ తప్పక చదవండి. నగదు, నగలు, గాజు వస్తువులు, పాడైపోయే సరుకు చాలా పాలసీల్లో ఉండవు. కొన్ని పాలసీలు అమ్మకం ధర కాకుండా మీకు పడిన ధరే ఇస్తాయి. కాబట్టి మీరు కొన్న బిల్లు కూడా దాచుకోవాలి.

నా దృష్టిలో అన్నింటికంటే పెద్ద జాగ్రత్త మొదటి స్కాన్. లేబుల్ ప్రింట్ చేయగానే ట్రాకింగ్ నంబర్ వస్తుంది, కొన్నవారికి "షిప్ అయింది" అని మెసేజ్ కూడా వెళ్లిపోతుంది. పార్శిల్ మాత్రం ఇంకా మీ టేబుల్ మీదే ఉంటుంది. కొరియర్ మనిషి స్కాన్ చేసినప్పుడే అది వాళ్ల లెక్కలోకి వస్తుంది. రద్దీ రోజుల్లో పికప్‌కి వచ్చిన కుర్రాడు అన్నీ సంచిలో వేసుకుని "హబ్‌కి వెళ్లాక స్కాన్ చేస్తానండీ" అని వెళ్లిపోతాడు. అతని తప్పేమీ ఉండకపోవచ్చు, పాపం అతనికి ఇంకా చాలా ఇళ్లు ఉంటాయి. కానీ ఆ బండికీ హబ్‌కీ మధ్య ఒకటి జారిపోతే, కొరియర్ రికార్డులో అది అసలు అందనట్టే. అలాంటి క్లెయిమ్ గెలవడం చాలా కష్టం.

అందుకే ప్రతి పికప్‌కీ ట్రాకింగ్ నంబర్లన్నీ ఉన్న లిస్టు రెండు కాపీలు తీయండి. పార్శిళ్ల సంఖ్య, తేదీ, టైం రాసి సంతకం చేయించుకుని ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. ఖరీదైనవాటిని పికప్‌కి ఇవ్వకండి, కౌంటర్ దగ్గరికే తీసుకెళ్లి బరువు పడిన రసీదు తీసుకోండి. ఆ బరువు చాలా విలువైన సాక్ష్యం. పెట్టె చేరింది కానీ లోపల ఖాళీ అన్న ఫిర్యాదు వస్తే, బుకింగ్ అప్పటి బరువు, హబ్‌లో తూచిన బరువు పోల్చి చూస్తే వస్తువు ఎక్కడ మాయమైందో చాలాసార్లు తెలిసిపోతుంది. సాయంత్రం ఒకసారి అన్ని నంబర్లూ చూసి, స్కాన్ పడనివాటి గురించి ఆ రోజే మెయిల్ పెట్టండి.

ప్యాకింగ్ గురించి క్లుప్తంగా. వాడిన పెట్టెల మీద పాత లేబుళ్లు, పాత బార్‌కోడ్లు పూర్తిగా తీసేయండి. రెండు బార్‌కోడ్లున్న పెట్టె దారి తప్పడం ఖాయమనే అనుకోండి. లోపల కూడా పంపేవారి, అందుకునేవారి చిరునామాలు, ఫోన్ నంబర్లు రాసిన కాగితం పెట్టండి. పై లేబుల్ ఊడిపోతే ఆ పెట్టె మీ దగ్గరికి తిరిగి రావడానికి అదొక్కటే ఆధారం. వస్తువు సీరియల్ నంబర్ కనిపించేలా, సీల్ వేసేదాకా ఆపకుండా వీడియో తీయండి.

పోస్టులో విదేశాలకు పంపేటప్పుడు ట్రాకింగ్ ఉన్న సర్వీసే తీసుకోండి. ఆ నంబర్ సాధారణంగా 13 అక్షరాలది. ముందు రెండు అక్షరాలు, తర్వాత 9 అంకెలు, చివర పంపిన దేశం కోడ్. ఫిర్యాదు పోస్ట్ చేసిన మర్నాటి నుంచి 6 నెలల లోపు ఇవ్వాలి. పరిహారం మామూలుగా పంపినవారికే ఇస్తారు. కాబట్టి పోస్టాఫీసు చుట్టూ తిరగమని కొన్నవారిని పంపడంలో అర్థం లేదు. విమాన సరుకైతే, రావాల్సిన తేదీ దాటి 7 రోజులైనా రాకపోతే రవాణాదారు మీద హక్కు అడగవచ్చు. దెబ్బతింటే అందిన 14 రోజుల్లో, ఆలస్యమైతే 21 రోజుల్లో రాతపూర్వకంగా చెప్పాలి. కొరియర్ కంపెనీల సొంత షరతుల్లో గడువులు ఇంకా తక్కువ ఉండవచ్చు, వాటిని క్యాలెండర్‌లో రాసిపెట్టుకోండి.

కొనేవాళ్లకు వేరే ప్రమాదం ఉంది. "ఇంకో వారం ఆగండి, వచ్చేస్తుంది" అని అమ్మినవారు మర్యాదగా చెబుతూ ఉంటారు, మీరూ మొహమాటానికి ఆగుతారు. ఈలోగా మార్కెట్‌ప్లేస్ గ్యారంటీ గడువో, కార్డు డిస్ప్యూట్ (బ్యాంకుకి ఫిర్యాదు చేసి కార్డులో కట్టిన డబ్బు వెనక్కి అడగడం) గడువో దాటిపోతుంది. ఆర్డర్ పెట్టిన రోజే ఆ రెండు తేదీలు చూసి రాసుకోండి. ఎంత మంచివాళ్లు అడిగినా ఆ తేదీ దాటనివ్వకండి. డిస్ప్యూట్ వేయడం అమ్మినవారిని దొంగ అనడం కాదు, పార్శిల్ వస్తే వెనక్కి తీసుకోవచ్చు. మార్కెట్‌ప్లేస్ బయట నేరుగా డబ్బు పంపితే ఆ గ్యారంటీ వర్తించదు, ఎంత తగ్గింపు ఇస్తామన్నా సరే.

"పక్కింట్లో ఇచ్చేయండి", "గేటు దగ్గర పెట్టేయండి" అని చెప్పేముందు ఆలోచించండి. మీరు చెప్పిన మనిషికి ఇస్తే మీకు ఇచ్చినట్టే లెక్క పడవచ్చు. ఓటీపీని పెట్టె చేతిలోకి వచ్చాకే చెప్పండి, ఫోన్‌లో అడిగితే చెప్పకండి. "డెలివరీ అయింది" అని చూపించి పార్శిల్ కనిపించకపోతే, ఇంట్లోవాళ్లనూ పక్కవాళ్లనూ అడిగి, అదే రోజు అమ్మినవారికి రాతపూర్వకంగా చెప్పి డెలివరీ ఫొటో, సంతకం, లొకేషన్ వివరాలు అడగండి. ట్రాకింగ్‌లో ఆ ఒక్క మాట ఉన్నంత మాత్రాన వస్తువు మీకు చేరినట్టు రుజువు కాదు. పెట్టె చిరిగో, టేప్ మార్చో ఉంటే తీసుకోకండి. తీసుకోక తప్పకపోతే సంతకం పక్కనే ఆ సంగతి రాయండి.

డబ్బు వాపసు అయ్యాక పోయిందనుకున్న పార్శిల్ వారాల తర్వాత గుమ్మం ముందుకు రావడం కూడా జరుగుతుంది. అప్పుడు కొన్నవారు వెంటనే చెప్పాలి. ఉంచుకుంటే డబ్బు తిరిగి పంపాలి, వద్దనుకుంటే రిటర్న్ లేబుల్ అమ్మినవారు పంపాలి. అప్పటికే ఇన్సూరెన్స్ డబ్బు అంది ఉంటే, వస్తువు దొరికిందని ఆ కంపెనీకి తెలియజేయాల్సింది కూడా అమ్మినవారే.